ముసలితనానికి మందు: ఎలుకల్లో ఏం తేలింది, మనుషుల్లో ఏం తేలలేదు

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపేసి దారంతా నడిచేవాళ్లకి వదిలేస్తారు. కాళీమాత గుడి దగ్గర్నుంచి పార్క్ హోటల్ వైపు సాగే ఆ నడకల్లో పెద్దవాళ్ల కబుర్లు చాలాకాలం షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పుల చుట్టూనే తిరిగేవి. ఈమధ్య వాటికి కొత్త పేర్లు తోడయ్యాయి: ఎన్‌ఎంఎన్ క్యాప్సూల్స్, రాపమైసిన్, బయలాజికల్ ఏజ్ టెస్టు, గ్లూటాథియోన్ డ్రిప్పు. కొన్ని వాట్సాప్‌లో తిరిగేవి, కొన్ని విదేశాల్లో ఉన్న పిల్లలు పంపిన డబ్బాల మీద చదివినవి. “రాపమైసిన్ పెడితే ఎలుకలు నిజంగానే ఎక్కువ కాలం బతికాయంట కదా మాస్టారూ, మరి మనకెందుకు పనిచెయ్యదు?” అని ఎవరైనా అడిగితే తీసిపారేయాల్సిన ప్రశ్న కాదది. ఎలుకలు బతికిన మాట వాస్తవమే. కానీ ఎలుక నుంచి మనిషి దాకా రావడానికి మధ్యలో దాటాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. అవి తేలకముందే సరుకు అమ్మకానికి వచ్చేసింది. అందుకే ఆ ప్రశ్నల్ని మొదట్నుంచీ చూడడం అవసరం.

సగటు ఆయుర్దాయం, గరిష్ఠ ఆయుష్షు, ఆరోగ్యంగా బతికే కాలం

ఈ మూడూ వేర్వేరు లెక్కలు. వార్తల్లో మూడింటినీ కలిపేసి రాస్తారు, సగం అయోమయం అక్కడే పుడుతుంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. అంటే మన ముత్తాతలు ముప్ఫై రెండేళ్లకే ముసలివాళ్లైపోయేవారని కాదు. పదిమంది పిల్లలు పుట్టారనుకోండి. నలుగురు ఏడాది తిరక్కుండానే పోయారు. మిగిలిన ఆరుగురూ 55 ఏళ్లు బతికారు. ఆ పదిమంది సగటు సుమారు 33. ఆ నలుగురు పసివాళ్లనీ టీకాలతో, శుభ్రమైన నీళ్లతో, యాంటీబయోటిక్స్‌తో కాపాడుకుని మిగతావాళ్లలాగే 55 దాకా తెచ్చుకుంటే సగటు ఒక్కసారిగా 55 అవుతుంది. అందులో ఎవరి ముసలితనమూ ఒక్కరోజు కూడా వెనక్కి జరగలేదు. గత శతాబ్దంలో ప్రపంచమంతటా ఆయుర్దాయం పెరగడానికి పెద్ద కారణం ఇదే.

గరిష్ఠ ఆయుష్షు అంటే మనిషి బతకగలిగిన పైహద్దు. పుట్టినతేదీ రికార్డులతో సహా రుజువైన అత్యధిక వయసు ఫ్రాన్స్‌కి చెందిన జీన్ కాల్మెంట్‌ది, 122 ఏళ్లు. ఆవిడ 1997లో చనిపోయారు. ఆ తరవాత వైద్యం ఎంతో ముందుకెళ్లినా ఆ అంకె దాటినవారు ఇంకా లేరు.

మూడోది మన ఇళ్లలో కళ్లకు కనిపించే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనాల ప్రకారం భారతదేశంలో సగటు ఆయుర్దాయం 70.8 ఏళ్లు, ఆరోగ్యంగా బతికే కాలం 60.3 ఏళ్లు. రెండింటి మధ్య పదేళ్లకు పైగా తేడా. ఆ పదేళ్లలో ఉండేవి డయాలసిస్ బెడ్డు, విరిగిన తుంటి ఎముక, మనవడి పేరు గుర్తురాని తాతయ్య, ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప బాత్రూమ్‌కి వెళ్లలేని మామ్మ. ముసలితనం మీద నిజాయితీగా పనిచేసే శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది గురి ఈ పదేళ్ల మీదే. నూటయాభై ఏళ్లు బతికిస్తామనే నినాదాలు ఎక్కువగా వినిపించేది పెట్టుబడిదారుల సభల్లో.

ఎనిమిదేళ్లకోసారి రెట్టింపయ్యే ముప్పు

జబ్బులకు మందులు ఉండగా ముసలితనం మీదే ఎందుకు పడ్డారు? దీనికి జవాబు 1825 నాటి లెక్కలో ఉంది. ఇంగ్లండ్‌లో బీమా లెక్కలు కట్టే బెంజమిన్ గాంపర్ట్జ్ అనే గణితజ్ఞుడు మరణాల పట్టికలు చూసి ఒక క్రమం పట్టుకున్నాడు. పెద్దయ్యాక మనిషి చనిపోయే ముప్పు మెల్లగా కాక రెట్టింపులుగా పెరుగుతుంది. ఇప్పటి లెక్కల్లో అది దాదాపు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపు అవుతుంది.

నలభయ్యో ఏట ఆ ముప్పు ఒక పాలు అనుకుందాం. 48కి రెండు, 56కి నాలుగు, 64కి ఎనిమిది, 72కి పదహారు, 80కి ముప్ఫై రెండు. ఇప్పుడు 72 ఏళ్ల ఒకాయనని తీసుకోండి. ఆయన పదహారు పాళ్ల ముప్పులో నాలుగు గుండెజబ్బువనుకుందాం. రేపు గుండెజబ్బుని పూర్తిగా మాయం చేసే మందు వచ్చింది. ముప్పు పన్నెండుకి తగ్గింది. మంచిదే. కానీ క్యాన్సర్, కిడ్నీలు, ఊపిరితిత్తులు, మెదడు అన్నీ అదే వేగంతో పాతబడుతూనే ఉన్నాయి. మూడేళ్లు గడిచేసరికి ఆ పన్నెండు మళ్లీ పదహారు అవుతుంది. ఒక పెద్ద జబ్బుని సమూలంగా తీసేసినా ఆయుర్దాయం మూడు నాలుగేళ్లకి మించి పెరగదని జనాభా నిపుణులు చెప్పేది ఇందుకే.

అలా కాకుండా ఆయన శరీరం 72కి చేరినా 64 నాటి స్థితిలోనే ఉందనుకోండి. ముప్పు పదహారు బదులు ఎనిమిది. గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, మతిమరుపు అన్నీ ఒకేసారి సగమయ్యాయి. ఈ రంగం పెట్టుకున్న ఆశకి పునాది ఈ లెక్కే. లెక్కలో తప్పులేదు. శరీరాన్ని అలా ఆపగలమా అన్నదే తేలాల్సింది.

కణం లోపల పాతబడేదేమిటి

ముసలితనానికి ఒక్క కారణం లేదు. 2013లో కార్లోస్ లోపెజ్-ఓటిన్ బృందం శరీరం పాతబడే తీరుని తొమ్మిది లక్షణాలుగా విడగొట్టింది, 2023లో వాటిని పన్నెండు చేసింది. అన్నీ ఇక్కడ అక్కర్లేదు, మందుల కథ అర్థం కావడానికి కొన్ని చాలు.

మొదటిది కణవిభజన హద్దు. 1961లో లియొనార్డ్ హేఫ్లిక్ మనిషి కణాలను గాజుపాత్రల్లో పెంచుతూ, అవి నలభై నుంచి అరవై సార్లు విడిపోయాక ఆగిపోతాయని చూపించాడు. క్రోమోజోముల చివర ఉండే టెలోమియర్లు అనే భాగాలు విడిపోయిన ప్రతిసారీ కొంత అరుగుతాయి. టెలోమియర్ల పరిశోధనకి 2009లో నోబెల్ వచ్చింది. మరి టెలోమియర్లని పొడిగిస్తే సరిపోదా అంటే, క్యాన్సర్ కణాలు ఆగకుండా విడిపోవడానికి వాడుకునేది కూడా ఆ దారినే.

ఆగిపోయిన కణాల్లో కొన్ని చావవు. పనిచెయ్యకుండా అలాగే ఉండిపోయి చుట్టుపక్కల వాపు పుట్టించే పదార్థాలు వదులుతుంటాయి. వీటిని ముసలి కణాలు అందాం. 2011లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు జన్యుపరంగా మార్చిన ఎలుకల్లో ఈ కణాలను తీసేస్తే కళ్లలో శుక్లాలు, కండరాల క్షీణత ఆలస్యమయ్యాయి. అప్పట్నుంచి ఇలాంటి కణాలను చంపే మందుల కోసం వేట సాగుతోంది. మోకాళ్ల అరుగుదలకి అలాంటి ఒక మందుని అమెరికాలో పరీక్షించినప్పుడు 2020లో డమ్మీ ఇంజక్షన్ కంటే మెరుగేమీ కాదని తేలింది.

ఇంకొకటి శక్తి తయారీ. కణంలో మైటోకాండ్రియాలు తయారుచేసే ఏటీపీ మీదే శరీరం నడుస్తుంది, వయసుతో వాటి పనితనం తగ్గుతుంది. ఏటీపీని 1929లో తొలిసారి గుర్తించినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఈ శాస్త్రం పునాదుల్లో ఒక తెలుగువాడి చెయ్యి ఉందని మన పిల్లలకి బడిలో ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే మందులు ఎక్కువగా పట్టుకున్నది దీన్నే. కణంలో ఎంటార్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఇల్లు కట్టే మేస్త్రీలా పనిచేస్తుందది. ఇటుక, సిమెంటు వస్తున్నంతసేపూ కొత్త గోడలు లేపుతూనే ఉంటాడు. సరుకు ఆగిపోతే ఉన్న గోడల పగుళ్లు పూడ్చే పనికి దిగుతాడు. ఒంట్లోకి తిండి దండిగా వస్తుంటే ఎంటార్ కొత్త ప్రొటీన్లు కట్టిస్తుంది. తిండి తగ్గితే పాడైన భాగాలను కరిగించి మళ్లీ వాడుకునే పని ఊపందుకుంటుంది. ముసలితనపు వేగం ఇలాంటి మార్గాల చేతిలో ఉంటుందని మొదట గట్టిగా చూపింది ఒక చిన్న పురుగు. 1993లో సింథియా కెన్యన్ ఆ పురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువుని మారిస్తే దాని ఆయుష్షు రెట్టింపుకి పైగా పెరిగింది. ముసలితనం తప్పదన్నది వేరు, దాని వేగం మారదన్నది వేరు అని ఆ ఒక్క ప్రయోగం తేల్చింది.

రాపమైసిన్: ఫ్రీజర్‌లో బతికిన మందు

1964లో కెనడా నుంచి ఒక బృందం పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్న ఈస్టర్ దీవికి వెళ్లి మట్టి నమూనాలు తెచ్చింది. ఆ మట్టిలోని ఒక సూక్ష్మజీవి బూజుని చంపే పదార్థాన్ని తయారుచేస్తోందని మాంట్రియల్‌లోని ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో భారత సంతతి శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహగల్ 1970ల్లో పట్టుకున్నారు. దీవి స్థానిక పేరు రాపా నుయి కాబట్టి మందు రాపమైసిన్ అయింది. 1980ల్లో కంపెనీ ఆ ల్యాబ్‌ని మూసేస్తూ పని ఆపేయమంది. సెహగల్ ఆ సూక్ష్మజీవిని పారెయ్యలేక ఇంటికి తెచ్చి, తినే పదార్థాల పక్కనే ఫ్రీజర్‌లో దాచారు. కొన్నేళ్ల తరవాత మళ్లీ పని మొదలుపెట్టి కంపెనీని ఒప్పించారు. 1999లో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా చూసే మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. అది అణిచేది ఎంటార్‌నే. ఎంటార్‌లోని ‘ఆర్’ రాపమైసిన్ నుంచి వచ్చిందే.

ఇక ఎలుకల ప్రయోగం. అమెరికాలో మూడు వేర్వేరు ల్యాబ్‌లు ఒకే పద్ధతిలో ఒకే మందుని పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం ఒకటుంది. ఒకచోట యాదృచ్ఛికంగా వచ్చిన ఫలితం మిగతా రెండుచోట్ల నిలబడదు కాబట్టి దాని మాటకి విలువ ఎక్కువ. రాపమైసిన్‌ని మేతలో కలిపితే పాడైపోతుండడంతో అది నిలవుండే రూపం తయారుచేసేసరికి ఆలస్యమైంది. ఎలుకలు 600 రోజుల వయసుకి వచ్చేశాయి, మనిషి లెక్కలో దాదాపు అరవై. అయినా వాళ్లు ఆపలేదు. 2009లో ఫలితం వచ్చింది. నూటికి తొంభై ఎలుకలు చనిపోయే వయసుని కొలతగా పెట్టుకుంటే ఆడ ఎలుకల్లో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. ముసలితనంలో మొదలుపెట్టినా పనిచేసింది. ఈ రంగంలో అంతకంటే గట్టి ఫలితం చాలా అరుదు.

అదే కార్యక్రమం ఏవి పనిచెయ్యలేదని చెప్పిందో కూడా తెలుసుకోవాలి. పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీ సారం, చేపనూనె, ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ అక్కడ ఎలుకల ఆయుష్షుని పెంచలేకపోయాయి. ఎన్‌ఎంఎన్‌కి దగ్గర చుట్టమైన నికోటినమైడ్ రైబోసైడ్‌దీ అదే ఫలితం. ఇవన్నీ ఇప్పుడు ఆయుష్షు పేరుతో అందమైన డబ్బాల్లో దొరుకుతున్నాయి.

మరి రాపమైసిన్ సంగతి? ల్యాబ్ ఎలుకలు ఎక్కువగా చనిపోయేది క్యాన్సర్లతో, మనుషులు ఎక్కువగా చనిపోయేది గుండెజబ్బులతో. రాపమైసిన్‌కి క్యాన్సర్‌ని అడ్డుకునే గుణం ఉంది. కాబట్టి అది ముసలితనాన్నే నెమ్మది చేసిందా, ఒక జబ్బుని వాయిదా వేసిందా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా ఉంది. రెండో సంగతి, ఆ ఎలుకలు శుభ్రమైన బోనుల్లో పెరిగాయి. మన ఊళ్లో దోమలున్నాయి, న్యుమోనియా ఉంది, ఒంట్లో క్షయ బ్యాక్టీరియా నిద్రాణంగా ఉన్నవాళ్లు దేశంలో కోట్లమంది ఉన్నారు. రోగనిరోధక శక్తిని అణిచే మందుకి ఆ నేపథ్యంలో అర్థం మారిపోతుంది.

మనుషుల్లో ఒక ఆశాజనకమైన అధ్యయనం ఉంది. 2014లో ఇదే కుటుంబానికి చెందిన మందుని తక్కువ మోతాదులో ఇస్తే పెద్దవాళ్లలో ఫ్లూ టీకా మరింత బాగా పనిచేసింది. ఆ దారిలోనే ఎంటార్‌ని అణిచే మరో మందుతో చేసిన పెద్ద పరీక్ష 2019లో విఫలమైంది. నోటిపూత, కొలెస్ట్రాల్, రక్తంలో చక్కెర పెరగడం తెలిసిన ఇబ్బందులే. వయసు తగ్గించుకోవడం కోసం కోట్లు ఖర్చుపెడుతున్న అమెరికన్ బ్రయాన్ జాన్సన్ కూడా ఇలాంటి ఇబ్బందుల వల్ల 2024లో రాపమైసిన్ మానేశాడు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు, అటూ కాదు ఇటూ కాదు. ఆయన వాడుతున్నప్పుడు అదే రుజువన్నట్టు ప్రచారం చేసినవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది.

మెట్‌ఫార్మిన్: అందరింట్లో ఉన్న బిళ్ళ

విశాఖలో ఏ మందుల షాపులో అడిగినా దొరికే షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్. 1957 నుంచి మనుషుల్లో వాడకంలో ఉంది, ధర తక్కువ. 2014లో బ్రిటన్ రికార్డుల ఆధారంగా వచ్చిన ఒక అధ్యయనం, మెట్‌ఫార్మిన్ వాడే షుగరు రోగులు షుగరు లేనివాళ్లకంటే కాస్త ఎక్కువే బతుకుతున్నట్టు చూపించింది. ఆ మాట నిప్పులా పాకింది. కానీ 2022లో డెన్మార్క్ రికార్డులతో మరింత జాగ్రత్తగా చూస్తే ఆ లాభం కనపడలేదు. ఎలుకల కార్యక్రమంలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఇస్తే ఆయుష్షు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. 2024లో చైనా శాస్త్రవేత్తలు మగ కోతుల్లో మెదడు పాతబడడం నెమ్మదించినట్టు చూపారు. మరోవైపు, 2019లో పెద్దవాళ్ల మీద చేసిన ఒక పరీక్షలో బరువులెత్తే వ్యాయామంతో పెరగాల్సిన కండ మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో తక్కువగా పెరిగింది. షుగరు ఉన్నవాళ్లకి ఇది మంచి మందన్నదాంట్లో అనుమానమేమీ లేదు. షుగరు లేనివాళ్ల ముసలితనం మీద దాని ప్రభావమే తేలలేదు.

ఇన్నేళ్లయినా ఎందుకు తేలలేదు? ఇక్కడ ఒక లెక్క వేద్దాం. విశాఖలోని ఎంవీపీ కాలనీ, గాజువాక, మధురవాడల్లో 65 దాటినవాళ్లని 2,000 మందిని పోగుచేశామనుకోండి. వెయ్యిమందికి మందు, వెయ్యిమందికి అచ్చం అలాగే ఉండే డమ్మీ బిళ్ళ. ఏడాదికి నూటికి ఇద్దరు చొప్పున చనిపోతారనుకుంటే, ఐదేళ్లలో డమ్మీ గుంపులో సుమారు వందమంది పోతారు. మందు నిజంగానే చావుల్ని పది శాతం తగ్గిస్తే రెండో గుంపులో తొంభై. తేడా పది. కానీ ఏ మందూ ఇవ్వకుండా ఊరికే వెయ్యిమంది చొప్పున రెండు గుంపులు చేసినా పదీ పదిహేను తేడా మామూలుగానే వచ్చేస్తుంది. అంటే మందు పనిచేసినా మనం చెప్పలేం. ఆ పది శాతాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే ముప్ఫై వేల మంది దాకా కావాలి.

అందుకే అమెరికాలో నీర్ బార్జిలాయ్ బృందం టేమ్ పేరుతో వేరే పద్ధతి ప్రతిపాదించింది. షుగరు లేని 65 నుంచి 79 ఏళ్లవాళ్లు 3,000 మంది, ఆరేళ్ల పరీక్ష. చావుల్నే కాక గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, మతిమరుపు లాంటి వయసు జబ్బుల్లో కొత్తగా ఏది వచ్చినా లెక్కలోకి తీసుకుంటారు. ప్రణాళిక బాగుంది, డబ్బు దొరకలేదు. పేటెంట్ ఎప్పుడో అయిపోయిన చవక బిళ్ళ మీద కోట్ల డాలర్లు పెట్టడానికి ఏ కంపెనీకీ లాభం కనపడదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. సామాన్యుడికి అందుబాటులో ఉన్న మందే అన్నిటికంటే ఆలస్యంగా పరీక్షకు నోచుకుంటోంది.

తిండి తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందా

1935లో క్లైవ్ మెకే తిండి తగ్గించిన ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతాయని చూపినప్పట్నుంచీ ఇది చర్చల్లో ఉంది. కోతుల మీద అమెరికాలో రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. విస్కాన్సిన్‌లో లాభం కనిపించింది, ప్రభుత్వ వృద్ధాప్య సంస్థ చేసిన రెండో ప్రయోగంలో ఆయుష్షు పెరగలేదు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనుకోనక్కర్లేదు. విస్కాన్సిన్ కోతుల మేతలో చక్కెర చాలా ఎక్కువ, పోల్చడానికి పెట్టుకున్న గుంపుని కావలసినంత తిననిచ్చారు. రెండో చోట మేత మెరుగ్గా ఉంది, పోలిక గుంపుకీ కొలిచే పెట్టారు. చెడ్డ తిండి ఎక్కువగా తినేవాడికి తగ్గిస్తే చాలా లాభం, ఇప్పటికే మితంగా తినేవాడికి తగ్గిస్తే పెద్దగా లేదు అని ఆ తేడా చెబుతోంది.

మనుషుల్లో క్యాలరీ అనే రెండేళ్ల పరీక్ష జరిగింది. తిండి పాతిక శాతం తగ్గించాలని పెట్టుకుంటే తగ్గించగలిగింది పన్నెండు శాతమే. ఎంత పట్టుదల ఉన్నవాళ్లకైనా అది కష్టమన్నమాట. ముసలితనపు వేగం రెండు మూడు శాతం తగ్గినట్టు ఒక కొలత చూపింది, మరి కొన్ని కొలతల్లో ఏ మార్పూ లేదు. ఆ కొలతల సంగతి విడిగా చూడాలి.

బయలాజికల్ ఏజ్ రిపోర్టు ఎంత నమ్మాలి

డీఎన్‌ఏ మీద అక్కడక్కడా మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు ఉంటాయి. వయసుతో అవి ఒక క్రమంలో మారతాయి. 2013లో స్టీవ్ హోర్వాత్ అలాంటి 353 చోట్లని చూసి మనిషి వయసు చెప్పే లెక్క తయారుచేశాడు. అద్భుతమైన పని. పరిశోధనల్లో వందలమంది సగటు చూడడానికి ఎంతో పనికొస్తుంది. ఆ లెక్కకి మధ్యస్థంగా 3.6 ఏళ్ల పొరపాటు ఉంటుంది. తరవాత 2022లో వచ్చిన ఒక పరిశోధన, ఒకే రక్త నమూనాని రెండుసార్లు పరీక్షిస్తే కొన్ని లెక్కల్లో తొమ్మిదేళ్ల దాకా తేడా రావచ్చని చూపింది.

ఒక ఉదాహరణ చూద్దాం. 58 ఏళ్లావిడ జనవరిలో టెస్టు చేయించుకుంటే 55 అని వచ్చింది. ఆరు నెలలు ఖరీదైన క్యాప్సూల్స్ వాడి మళ్లీ చేయిస్తే 52. మూడేళ్లు తగ్గిందని సంతోషం. కానీ మొదటి రక్తాన్నే రెండోసారి పరీక్షించినా 52 రావచ్చు, 59 కూడా రావచ్చు. 59 వచ్చుంటే ఆవిడకి అనవసరమైన టెన్షన్. పోనీ అంకె నిజంగానే తగ్గిందనుకున్నా, మందుతో ఆ అంకెని తగ్గిస్తే జబ్బులు కూడా తగ్గుతాయని ఇంకా రుజువు కాలేదు.

డ్రిప్పులు, సప్లిమెంట్లు, వెనక్కి తిప్పిన కణాలు

ఎన్‌ఎంఎన్ వేసుకుంటే రక్తంలో ఎన్‌ఏడీ అనే, కణాల్లో శక్తి తయారీకి అవసరమైన పదార్థం పెరుగుతుంది, అది నిజం. దానివల్ల మనుషుల్లో జబ్బులు తగ్గాయని గానీ ఆయుష్షు పెరిగిందని గానీ చూపిన పెద్ద పరీక్ష లేదు. రెస్వెరట్రాల్ సంగతి చరిత్రే చెబుతుంది. ఆ మందుల మీద పనిచేసే చిన్న కంపెనీని 2008లో గ్లాక్సో అనే పెద్ద మందుల కంపెనీ 72 కోట్ల డాలర్లకు కొని, 2013లో మూసేసింది. ముసలితనాన్ని తగ్గిస్తామనే గ్లూటాథియోన్ డ్రిప్పులకి ఆ పాటి చరిత్ర కూడా లేదు.

అసలైన సంచలనం వేరేచోట ఉంది. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా నాలుగు జన్యువులతో పెద్దయిన ఎలుక కణాన్ని పిండదశకి తీసుకెళ్లాడు, 2012లో నోబెల్ అందుకున్నాడు. పూర్తిగా వెనక్కి వెళ్లకుండా కొద్దిగా తిప్పి ఆపితే కణం తన పని మర్చిపోకుండా వయసు మాత్రం తగ్గుతుందా అన్నది ఇప్పటి ప్రశ్న. 2020లో అమెరికాలోని డేవిడ్ సింక్లెయిర్ ల్యాబ్ అందులో మూడు జన్యువులతో ఎలుకల్లో దెబ్బతిన్న కంటినరాలను కొంత కోలుకునేలా చేసింది. ఎక్కువ తిప్పితే కణితులు పుడతాయి. మనుషుల్లో ఈ పని ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది. రాబోయే ఇరవై ఏళ్లలో పెద్ద మార్పు వస్తే ఈ వైపు నుంచే రావచ్చని నా అభిప్రాయం.

ముసలితనం జబ్బా, కాదా

జబ్బుగా గుర్తిస్తేనే మందులకి అనుమతులు, బీమా, పరిశోధన నిధులు వస్తాయని ఒక వర్గం వాదన. జబ్బుగా ముద్ర వేస్తే అరవై దాటిన ప్రతివాళ్లూ రోగులైపోతారని, ‘వయసైపోయిందిలే’ అని డాక్టర్లు అసలు జబ్బుని వెతకడం మానేస్తారని ఇంకో వర్గం భయం. రెండింటిలోనూ నిజముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో ‘వృద్ధాప్యం’ అనే మాట పెట్టబోయి, అభ్యంతరాలు రావడంతో వయసుతో వచ్చే శక్తి సామర్థ్యాల తగ్గుదల అనే అర్థమొచ్చేలా మార్చింది.

హద్దు గురించి కూడా ఏకాభిప్రాయం లేదు. స్టీవెన్ ఆస్టాడ్, జే ఓల్షాన్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో చెరో 150 డాలర్లు పందెం కాశారు. అప్పటికే పుట్టి ఉన్నవాళ్లలో ఒక్కరైనా 150 ఏళ్లు బతుకుతారని ఆస్టాడ్, బతకరని ఓల్షాన్‌స్కీ. డబ్బు తేలేది 2150లో, వాళ్ల వారసుల చేతికి. 2024లో ఓల్షాన్‌స్కీ బృందం ఆయుర్దాయం ఎక్కువగా ఉన్న దేశాల్లో దాని పెరుగుదల మందగించిందని చూపింది. ముసలితనం వేగాన్నే మార్చే మందు వస్తే ఆ లెక్క మారుతుందని అవతలివైపు అంటారు. అది వస్తే ఎవరికి అందుతుందన్నది మూడో వాదన. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీ వరసలో నిలబడే పోర్టు కూలీకి బీపీ బిళ్ళే నెలనెలా సరిగ్గా అందకపోతే, ఆయుష్షు మందు ఎంత గొప్పదైనా అంతరాన్ని పెంచుతుంది.

మన శరీరాల మీద మన లెక్కలు

ఇప్పటివరకు చెప్పినవాటిలో మనుషుల మీద చేసిన ప్రయోగాలు దాదాపు అన్నీ పాశ్చాత్య దేశాలవాళ్ల మీద జరిగినవే. మనవాళ్ల శరీరం కొన్ని విషయాల్లో వేరు. సన్నగా కనిపించినా పొట్టలో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ, షుగరు చిన్న వయసులోనే వస్తుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్లమందికి షుగరు ఉంది, మరో 13.6 కోట్లమంది దాని అంచున ఉన్నారు. ఇంత చక్కెర రక్తంలో తిరుగుతున్నప్పుడు ముసలితనం గురించి విడిగా మాట్లాడడం కష్టం.

ఖరీదైన పరికరాలు అక్కర్లేని కొలత ఒకటుంది: పిడికిలి బలం. చేతిలో ఇమిడే ఒక పరికరం ఇస్తారు. మోచెయ్యి మడిచి, ఊపిరి బిగబట్టకుండా, శక్తికొద్దీ నొక్కాలి. ముల్లు ఎన్ని కిలోల దగ్గర ఆగిందో చూస్తారు. రెండు చేతులకీ కలిపి రెండు మూడు నిమిషాల పని. భారత్‌తో సహా 17 దేశాల్లో దాదాపు 1.4 లక్షల మందిని గమనించిన ప్యూర్ అధ్యయనం 2015లో, పిడికిలి బలం ఐదు కిలోలు తగ్గేకొద్దీ చనిపోయే ముప్పు 16 శాతం ఎక్కువగా ఉందని చెప్పింది. బలం తగ్గడం చావుకి కారణమని దీనర్థం కాదు, లోపల జరుగుతున్నదాన్ని అది బయటికి చూపిస్తుంది. ఇదే పరీక్షని 2017-18లో మన దేశంలో 45 దాటిన 72 వేలకు పైగా మందితో మొదలైన లాసీ అనే పెద్దవాళ్ల ఆరోగ్య సర్వేలో ఇళ్లకే వెళ్లి చేశారు.

మనుషుల్లోనే తేలిన ఫలితాలు కొన్ని అనుకోని దిక్కు నుంచి వచ్చాయి. వేల్స్‌లో 2013లో సర్పికి టీకా మొదలుపెట్టినప్పుడు ఒక నిర్దిష్టమైన పుట్టినతేదీ తరవాతివాళ్లకే అర్హత ఇచ్చారు. ఆ తేదీకి అటూ ఇటూ కొద్ది వారాల తేడాతో పుట్టినవాళ్లు మిగతా అన్నిటిలో ఒకేలాంటివాళ్లు. కాబట్టి ఎవరూ పూనుకోకుండానే అదొక పరీక్ష అయింది. ఏడేళ్లలో టీకా వేయించుకున్నవాళ్లలో మతిమరుపు జబ్బు దాదాపు ఐదోవంతు తక్కువగా ఉందని 2025లో తేలింది. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్‌ని షుగరు లేని, గుండెజబ్బు ఉన్న 17,604 మంది మీద పరీక్షిస్తే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు కలిపి 20 శాతం తగ్గాయి. ఈ రెండూ ముసలితనం మందులుగా తయారైనవి కావు. దాంతోపాటు సెమాగ్లుటైడ్ కండని కూడా కొంత తగ్గిస్తుంది. కండ ముందే తక్కువగా ఉండే మనవాళ్లలో దాని ఫలితం ఎలా ఉంటుందో ఇక్కడే విడిగా చూడాలి. మన దేశంలో దాని ప్రధాన పేటెంట్ గడువు 2026 మార్చి దాకానే కాబట్టి చవక రకాలు వచ్చేకొద్దీ ఈ ప్రశ్న పెద్దదవుతుంది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2024లో లాంజెవిటీ ఇండియా పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. భారతీయుల్లో మామూలుగా ముసలితనం ఎలా సాగుతుందో, మనకి ఏ అంకె ‘నార్మల్’ అవుతుందో తేల్చడం దాని పనుల్లో ఒకటి. ఆ ఆధారరేఖ సిద్ధమైతే, విశాఖలో ఒక అరవై ఏళ్లావిడ రక్తం ఫలితాన్ని కాలిఫోర్నియావాళ్ల పట్టికతో పోల్చే అవసరం తప్పుతుంది.